దొరసాని వాటా

ఈ మధ్య మా మనవరాలు తన పిల్లినీ కుక్కనీ ఇక్కడే తెనాలిలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ నన్ను కూడా ఆటో ఎక్కించుకుంది. జబ్బేమీ లేదు. పిల్లి సరిగ్గా తినదు. కుక్క తనది తిని పిల్లిది కూడా తినేస్తుంది. అప్పుడు పిల్లి అలిగి సోఫా కింద దూరుతుంది. డాక్టరు కుర్రవాడే, మర్యాదస్థుడు. రెండింటినీ తడిమి చూసి కాగితం మీద రాసిచ్చాడు. వేరు వేరు గదుల్లో పెట్టాలి, ఇరవై నిమిషాలు చూసి గిన్నె తీసెయ్యాలి, చేత్తో తినిపించే అలవాటు మాత్రం చెయ్యకూడదు. ఆ చివరి మాట దగ్గర నా మొహంలో ఏం కనిపించిందో, "మీరేనా మామ్మగారూ, చేత్తో పెట్టేది?" అని నవ్వాడు.

"కాదు బాబూ, మా నాయనమ్మ" అన్నాను.

నాకే డెబ్భై దగ్గర పడుతున్నాయి. మనవరాలు కంగారుగా నా వంక చూసింది.

మాది రేపల్లె. రైలు స్టేషనుకి అటువైపు వీధిలో పెంకుటిల్లు. నాన్న బడిపంతులు. ఇంట్లో నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను, ఒక పిల్లి, ఒక కుక్క. అవి ఇప్పటిలా డబ్బు పోసి కొనుక్కొచ్చినవి కావు, వాటంతటవే వచ్చి చేరినవి. పిల్లి నాయనమ్మది, కుక్క నాది. ఈ పంపకం ఎవరు చేశారో తెలియదు కానీ, దాని మీద మా ఇద్దరికీ రోజూ తగువే.

పిల్లి తెల్లది, చెవుల మీద పసుపు మచ్చలు. నాయనమ్మ దాన్ని దొరసాని అనేది. పేరుకి తగ్గట్టే ఉండేది దాని వరస. చల్లారిన అన్నం ముట్టదు, కాలే అన్నమూ ముట్టదు. చింతపండు పులుపు తగిలితే మూతి తిప్పుకుని అటక ఎక్కేది. చిన్న ముల్లు తగిలిందా, ఇక ఆ పూటకి ఉపవాసం. తోక ముక్క పెడితే మనకేసి ఒక చూపు చూసేది. పెళ్ళిలో వియ్యపురాలికి చివరి పంక్తిలో వడ్డిస్తే చూసే చూపు అది.

కుక్క నల్లది, ఒక చెవి వాలిపోయి ఉండేది. దానికి ఇది అది అని లేదు, కానీ వేరే రోగం ఉంది. దాని కన్నెప్పుడూ పక్కదాని పళ్ళెం మీదే. పిల్లి తింటోందని తెలిస్తే తన అన్నం రెండు నిమిషాల్లో గుటుక్కుమనిపించి పిల్లి దాని కోసం పరుగెత్తేది. పిల్లి ఇంట్లో లేని రోజున తన పళ్ళెం వాసన చూసి పక్కనే పడుకునేది. ఆకలి కన్నా పోటీయే దాని చేత తినిపించేదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఈ రెండింటికీ తిండి పెట్టడం నాయనమ్మ పని. పద్ధతి కూడా ఆవిడే పెట్టింది. కుక్కకి పెరట్లో నూతి దగ్గర, అంచు ఊడిన సత్తు పళ్ళెంలో. దొరసానికి వంటింట్లో, పెరటి తలుపు మూసి. తలుపు మూయకపోతే కుక్క ముట్టెతో నెట్టుకుని లోపలికి వచ్చేది. నాయనమ్మ పీట వేసుకుని, తలుపుకి వీపు పెట్టి కూర్చుని, చేప ముక్కని గోరువెచ్చటి నీళ్ళలో కడిగి పులుపూ కారం పోగొట్టేది. తర్వాత ముల్లు ముల్లూ తీసి, వేడన్నంలో మెత్తగా కలిపి, చిన్న చిన్న ముద్దలు చేసి తినిపించేది. ఈ వైభోగం అరగంట నడిచేది. మామయ్యగారికి కూడా అత్తయ్యగారు ఇంత సేవ చేసి ఉండరని అమ్మ అనేది. ఆయనకి ముళ్ళు తీసుకోవడం వచ్చులే అని నాయనమ్మ జవాబు.

చేపల సంగతి చెప్పాలి. బుధవారం, ఆదివారం మా ఇంట్లో చేపలు. నిజాంపట్నం వైపు నుంచి ఒకావిడ తట్ట నెత్తిన పెట్టుకుని పొద్దున బస్సులో వచ్చేది. మా అరుగు మీద తట్ట దింపి, పెద్దమ్మా అని నాయనమ్మనే పిలిచేది. నాయనమ్మ మొప్ప ఎత్తి చూసి, పొట్ట మీద బొటనవేలు అదిమి, ఇది నిన్నటిదా మొన్నటిదా అని చెప్పేసేది. కత్తిపీట దగ్గర కూర్చుని బూడిద రాసి రుద్ది, కళ్ళుప్పు వేసి కడిగేది. దాకలో పులుసు తెర్లుతుంటే మెంతుల వాసన, చింతపండు వాసన, నూనె తేలిన కమ్మటి వాసన వీధి మలుపు దాకా వచ్చేవి. పక్కింటివాళ్ళు గిన్నెలు పంపి అడిగి మరీ పట్టుకెళ్ళేవాళ్ళు.

ఆ పులుసుని నాయనమ్మ ఒక్కనాడూ నాలుక మీద వేసుకుని చూడలేదు. ఉప్పు వాసనతోనే పట్టేది. అనుమానం వస్తే గరిటెతో అమ్మ అరచేతిలో రెండు చుక్కలు వేసి సరిపోయిందా అని అడిగేది. ఎందుకంటే నాయనమ్మ చేపలు కాశీలో వదిలేసింది.

కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైనదేదో ఒకటి గంగలో వదిలి రావాలని మనవాళ్ళ ఆచారం. కాయో, పండో, ఆకో వదులుతారు. తెలివైనవాళ్ళు కాకరకాయ వదులుతారు, పుట్టి బుద్ధెరిగి తినని పండేదో చూసి వదులుతారు. మా మేనత్త పనసపండు వదిలింది. రేపల్లెలో పనసపండు ఎవరు చూశారు గనక. నాయనమ్మ మాత్రం నడుములోతు నీళ్ళలో నిలబడి చేపలు వదిలేస్తున్నానని గంగమ్మకి చెప్పి వచ్చింది. ఒడ్డున మంత్రాలు చెప్పే పండాకి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది, వస్తే తిట్టేవాడని అత్త చెప్పి నవ్వించేది. అందరం నవ్వేవాళ్ళం. నాయనమ్మ కూడా నవ్వేది. ఎందుకు వదిలిందో ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

అందరి భోజనాలూ అయ్యాక దాక అడుగున మిగిలినవాటికి పంపకం. నడిమి ముక్కలు దొరసానికి, తలకాయలూ పులుసన్నం కుక్కకి. నాకు ఒళ్ళు మండేది. కుక్క ఇల్లు కాస్తుంది, ఈ పిల్లి ఏం చేస్తుంది, ఎలుక తన మీద నుంచి నడిచి పోయినా ఆవులిస్తుంది కదా అని వాదించేదాన్ని. నాయనమ్మ వాదించేది కాదు.

"కుక్కకి కడుపు పెద్దది, పిల్లికి నాలుక పెద్దది. దేని వాటా దానిదే పిల్లా" అనేది.

నా న్యాయం నేను చేసుకునేదాన్ని. పళ్ళెంలో ముక్క పరికిణీ మడతలో దాచి కుక్కకి మోసేదాన్ని. ఆ మరకలు చూసి అమ్మ వీపు మీద రెండు వడ్డించేది. ఒక ఆదివారం ఇంకో అడుగు ముందుకు వేశాను. నాయనమ్మ వేణ్ణీళ్ళ కోసం పొయ్యి వైపు తిరిగినప్పుడు దొరసాని అన్నంలో చిటికెడు కారం కలిపేశాను. పిల్లి తినకపోతే ఆ ముక్కలు కుక్కకే వస్తాయని నా లెక్క. తలుపు మూసుకుంది. నేను పెరట్లో కుక్క మెడ పట్టుకుని చెవులు రిక్కించి కూర్చున్నాను. కాసేపటికి లోపల దగ్గు వినిపించింది. దగ్గింది పిల్లి కాదు.

బుధవారం ఎప్పుడొస్తుందా అని కాచుకున్నాను. ఆ మధ్యాహ్నం తలుపు చెక్కల సందులో కన్ను పెట్టి పక్కవాటుగా చూశాను. నాయనమ్మ ఒక ముద్ద దొరసాని నోటి దగ్గర పెట్టింది. రెండో ముద్ద తన నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. చప్పుడు లేకుండా, చాలా మెల్లగా నమిలింది. తీయగా మిగిలిపోయిన ముల్లేదో నాలుకతోనే పక్కకి తెచ్చి వేలితో తీసి నేల మీద పెట్టింది. పిల్లి ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి తన వంతు కోసం ఎదురు చూస్తోంది. మళ్ళీ దానికో ముద్ద, తనకో ముద్ద. దొరసాని తిండి అరగంట ఎందుకు పడుతుందో, నడిమి ముక్కలు దానికే ఎందుకు వెళ్తాయో నాకు అప్పుడు తెలిసింది.

ఆ మొహం నాకు ఇప్పటికీ బాగా గుర్తు. దొంగతనం చేస్తున్నవాళ్ళ మొహం కాదు అది. చాలా దూరం నడిచొచ్చి నీడన కూర్చున్న మనిషి మొహం. కానీ ఎనిమిదేళ్ళ దాన్ని, నాకు కనిపించింది మొహం కాదు, నా కుక్కకి జరిగిన అన్యాయం. ఆ సంగతి కుక్కకి మాత్రం చెప్పాను. ఇంకెవరికీ చెప్పకుండా పది రోజులు దాచాను. అంతకాలం నేను నోరు కట్టుకోగలనని నాకే తెలియదు.

ఎండాకాలం సెలవుల్లో బాపట్ల నుంచి మేనత్త వచ్చింది. తెనాలిలో రైలు మారి, వేమూరు, భట్టిప్రోలు మీదుగా మిట్టమధ్యాహ్నానికి దిగేది. అత్తకి భక్తి ఎక్కువ, గొంతు ఇంకా ఎక్కువ. ఆవిడ వచ్చిందని ఆ ఆదివారం నాయనమ్మ మామిడికాయ వేసి బొమ్మిడాయిల పులుసు చేసింది. కొత్త మామిడికాయ పులుపుకి బొమ్మిడాయి తోడైతే ఇక చెప్పేదేముంది. నాన్న మూడోసారి అన్నం పెట్టించుకున్నాడు. నాయనమ్మ తన పచ్చడి మెతుకులు ముందే తినేసి వడ్డిస్తోంది.

నాన్న ఆఖరి ముద్దల్లో ఉండగా చూస్తే దాక అడుగున నాలుగు చేపలు మిగిలాయి. నాయనమ్మ మూడు తీసి దొరసాని పళ్ళెంలో వేసింది. కుక్కకి ఒక్కటేనా అని నేను మొదలుపెట్టాను. పోనీ చెరి రెండూ వెయ్యి అమ్మా అని అత్త నా పక్షం మాట్లాడింది. బొమ్మిడాయి దొరసానికి ప్రాణం అంది నాయనమ్మ. నాకు ఓడిపోతానేమోనని ఏడుపొచ్చింది.

"దొరసాని తినట్లేదు. తలుపేసుకుని నాయనమ్మే తింటోంది. నేను చూశా" అన్నాను.

తెలియక అన్నానని ఇన్నేళ్ళుగా అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకొచ్చాను. పూర్తిగా తెలియక కాదు. కాశీలో వదిలినది తినకూడదని నాకు తెలుసు. ఆ మాట అంటే గెలుస్తానని కూడా తెలుసు.

నాన్న నోటి దాకా తీసుకెళ్ళిన ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. అమ్మ మంచినీళ్ళ చెంబు పట్టుకుని నిలబడిపోయింది. అది పిచ్చి పిల్ల, దాని మాటలకేంటి అని నాయనమ్మ ఒక్క మాట అని ఉంటే అందరూ అదే నమ్మేవాళ్ళు. ఆవిడకి అబద్ధం ఆడటం రాలేదు. గరిటె దాకలో పెట్టి తల దించుకుంది.

అత్త గొంతు మొదటిసారి తగ్గింది.

"కంచే చేను మేస్తే ఎట్లాగమ్మా. ఈ పిల్ల ప్రాణం నిలబడితే చాలని కదా వదిలావు. మళ్ళీ దీనికేమన్నా అయితే?"

అప్పుడు తెలిసింది నాకు. రెండేళ్ళప్పుడు నాకు విషజ్వరం వచ్చిందట. గుంటూరు ఆసుపత్రిలో ఆశ లేదన్నారట. ఆ వరండాలో కూర్చుని నాయనమ్మ మొక్కుకుందట, పిల్ల బతికితే కాశీ వెళ్ళి తనకి అన్నిటికన్నా ఇష్టమైనది వదిలేస్తానని. కాకరకాయ వదిలితే గంగమ్మకి తెలిసిపోతుందని భయపడిందట.

నాయనమ్మ దాక మీద మూత పెట్టింది. పెరట్లోకి వెళ్ళి నూతి దగ్గర చేతులు కడుక్కుంది. తోడుకుని కడుక్కుంది, మళ్ళీ తోడుకుని కడుక్కుంది. కుక్క తనకేదో తెచ్చిందనుకుని తోకాడిస్తూ ఆవిడ చుట్టూ తిరిగింది. నేను వెళ్ళి ఒక్క మాట, అబద్ధమాడాను నాయనమ్మా అని అందరికీ వినపడేలా ఒక్క మాట అని ఉంటే బాగుండేది. అంతకు ముందు నేను ఆడిన అబద్ధాలకి లెక్కే లేదు. ఆ రోజు మాత్రం నాకు నోరు రాలేదు.

ఆ తర్వాత నాయనమ్మ వాటికి తిండి పెట్టలేదు. చేపలు వండటం కూడా మానేసింది. చేపలావిడ వస్తే కోడల్ని చూసుకోమని చెప్పి లోపలికి వెళ్ళిపోయేది. ఇంట్లో పులుసు కాగే రోజున పక్కింటి అరుగు మీద కూర్చుని, అన్నాలయ్యాక వచ్చేది. దొరసానికి అమ్మ పళ్ళెంలో కలిపి పెట్టింది, అది వాసన చూసి వెళ్ళిపోయింది. అమ్మ చేత్తో పెడితే మొహం తిప్పుకుంది. నాలుగు రోజులు నాయనమ్మ మోకాలి దగ్గర కూర్చుని అరిచింది. నాయనమ్మ దాన్ని నిమిరేది కానీ పీట వేసుకుని కూర్చునేది కాదు. ఒకరోజు అది స్టేషను వైపు వెళ్ళింది, మళ్ళీ రాలేదు. గూడ్సు షెడ్డు దగ్గర చూశామని ఎవరో అన్నారు. నేను వెళ్ళి పిలిచాను. నా పిలుపుకి అది ఎప్పుడు వచ్చింది కనుక.

ముక్కలన్నీ కుక్కకే వచ్చాయి. రెండుసార్లు పండగ చేసుకుంది. మూడోసారి నుంచి మూసిన తలుపు వైపు చూడటం, పళ్ళెం ముందు పడుకోవడం. పోరాడి గెలిచిన వాటాని ఈగలు తిన్నాయి.

వానలు పడగానే నాకు చలిజ్వరం వచ్చింది. ఆ ఏడు వీధిలో సగం మందికి వచ్చింది, దానికీ మొక్కుకీ సంబంధం లేదు. నాన్న అదే చెప్పాడు. మాత్రలిచ్చిన డాక్టరూ అదే చెప్పాడు. నాయనమ్మ వినలేదు. నా మంచం పక్కన నేల మీద కూర్చుని నా పాదాలు పట్టుకుంది. పెద్దావిడ నా కాళ్ళు పట్టుకుంటే ఆ జ్వరంలోనూ నాకు భయమేసింది.

"నోటికి బుద్ధి లేక తిన్నాను తల్లీ. ఇంక ముట్టను. వాసన కూడా చూడను. నువ్వు లేచి తిరుగు చాలు" అంది.

నేను వారానికి లేచి తిరిగాను. దాంతో ఆవిడ నమ్మకం రుజువైపోయింది. ఇంక ఆ మొక్కుని ఎవరూ కదిలించలేకపోయారు. అమ్మ అంది, పోన్లెండి అత్తయ్యా, పెద్దవాళ్ళయ్యారు, దేవుడు ఏమీ అనుకోడు అని. నాన్న కూడా రెండుసార్లు అన్నాడు. చివరికి అత్తే బాపట్ల గుడిలో పూజారి గారిని అడిగి ప్రాయశ్చిత్తం ఏదో కనుక్కొచ్చింది. అత్తని చూసి నాయనమ్మ నవ్వి ఊరుకుంది.

నేను పెద్దదాన్నై, తెనాలిలో టీచరుగా చేరి, పెళ్ళి చేసుకుని, ఇద్దరు పిల్లల తల్లినయ్యాను. నాయనమ్మకి తొంభై దాటాయి. మంచం పట్టింది. ఏం పెట్టినా రెండు మెతుకులు నోట్లో వేసుకుని చాలనేది. ఏది కావాలంటే అది పెట్టండి, ఇంక పత్యాలెందుకు అన్నాడు డాక్టరు. ఆ మాట ఉత్తరంలో చదివి, మర్నాడు పొద్దున్నే బజారుకెళ్ళి కొల్లిపర నుంచి వచ్చిన బొమ్మిడాయిలు కొని రైలెక్కాను. రేపల్లెలో అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, ఆవిడ చేసినట్టే, ఉప్పు చూడకుండా వాసనతో వండాను. ముళ్ళన్నీ తీశాను. వేడన్నంలో మెత్తగా కలిపి పళ్ళెం పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళాను.

వాసనకి కళ్ళు తెరిచింది. పెదవులు కదిలాయి. గుటక పడటం నాకు కనిపించింది. ముద్ద నోటి దగ్గర పెట్టాను. ఆవిడ నోరు తెరవలేదు. ఎముకలు తేలిన చెయ్యి ఎత్తి నా నుదుటి మీద పెట్టి చూసింది. తర్వాత నా మెడ కింద పెట్టి చూసింది. జ్వరం లేదని తేల్చుకుని నా చేతిని మెల్లగా పక్కకి తోసింది.

నేను ఏడ్చేశాను. ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా, ఆ రోజు అనాల్సిన మాట అన్నాను.

"నాయనమ్మా, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. నువ్వు తినలేదు. కుక్క కోసం అబద్ధం చెప్పాను."

ఆవిడ పళ్ళు లేని నోటితో నవ్వింది.

"తిన్నానే. ఎంత బాగుండేదో" అంది.

మళ్ళీ నోరు మూసుకుంది. ఆ తర్వాత నాలుగు రోజులే ఉంది.

అప్పటి నుంచి ఇప్పటి దాకా నాకు చెప్పుకోదగ్గ జబ్బు ఒక్కటీ చేయలేదు. తోటివాళ్ళు మోకాళ్ళంటారు, షుగరంటారు, బీపీ అంటారు. నాకేమీ లేదు. ఏం తింటారండీ ఇంత గట్టిగా ఉన్నారని వాకింగులో అడుగుతారు. నవ్వేసి నడిచిపోతాను. ఇంటికొచ్చాక మాత్రం ఒక్కోసారి ఏడుపొస్తుంది.